మిట్టకు పోవు దారి

నల్లమల శిఖరములపై నిలిచి నిలిచి యెట్టకేలకు మైదానమునకు దిగివచ్చిన శ్రావణమేఘములు ధారాపాతముగా వర్షించుచుండ, ఎఱ్ఱనీటి తరంగములతో నుప్పొంగిన రాళ్ళవాగు తన గట్లను మ్రింగి, ఊరికి వెలియగు మాలవాడకును వాగున కావలనున్న దాని శ్మశానమునకును నడుమ సముద్రమువలె పరచుకొని యుండెను. సూర్యుడుదయించెనో లేదో యెఱుగరానట్లు దిక్కులన్నియు బూడిదవన్నె దాల్చిన యా ప్రభాతమున గుట్టక్రింది దర్గాలోని జంగ్లీవలి తాత సమాధిపై కప్పిన పచ్చని వస్త్రము మాత్రమే కంటి కొక వర్ణమై కానవచ్చుచుండెను.

ఆ సమాధిని సేవించు స్త్రీ సైదమ్మ. దూదేకుల కులమున పుట్టి దర్గాసేవకుని చేపట్టి సంతానము లేకయే వైధవ్యము పొంది భర్త యొనర్చిన ధూపదీపసేవను తానే కొనసాగించుచున్న యా వృద్ధురాలి యొద్దకు కాపుస్త్రీలు బిడ్డలకు జ్వరము సోకినపుడును, ఆమె కులమువారు శుక్రవారములందును వచ్చి ఊదుబూడిద కొనిపోవుచుందురు. వాడవారు మాత్రము క్రైస్తవమతము పుచ్చుకొనక మునుపును పుచ్చుకొన్న పిదపను ఆ దర్గాగోడ దాటి లోనికి వచ్చి యెఱుగరు. రావలదని వారితో నెవరును చెప్పలేదు. చెప్పవలసిన యవసరము కలుగలేదు.

ఆ దినమున వాడలో సువార్తమ్మ యను బాలెంత మరణించెను. వాగు దాట వీలులేకుండుటచే నీవలి బంజరుమిట్టపై గొయ్యి త్రవ్వుదమని వాడ బడిపంతులు దానియేలు శవమును మోయించుకొని రాగా, మిట్టకు పోవు గట్టు తన చేలలోనిదని పెద్దకాపు వెంగళరెడ్డి మనుష్యులు కఱ్ఱలు పట్టి యడ్డము నిలిచిరి. మృతురాలి తల్లి కరుణమ్మ పాడెపై తన కొంగు కప్పుటయు, ఆ కొంగునుండి కాఱిన నీరు మరల బిడ్డ ముఖముపైననే పడుటయు దర్గావాకిట నిలిచిన సైదమ్మ చూచెను. చూచి తడియుచునే వీధిలోనికి వచ్చెను.

“లోపలికి తీసుకరాండి. మా ఎనక వాకిలి మిట్టకే పోతుంది.”

దానియేలు సంశయించెను. “మేము రావచ్చునా అవ్వా? రేపు నీకు మాటొస్తుంది.”

“మాట రేపొస్తుంది. వాన ఇప్పుడు కురుస్తాంది నాయనా. తేండి.”

గొయ్యి త్రవ్వునంతవఱకు ఆ శవము దర్గాచూరు క్రింద నుండెను. వాడవారు మెల్లగా కీర్తన పాడుచుండ సైదమ్మ లోపల నెప్పటివలెనే సాంబ్రాణి వేసెను. పిమ్మట వెనుకవాకిలి తెఱచెను.

మాట వచ్చుటకు మఱుదినము పట్టలేదు. ఆ సాయంకాలమే మఱది హుస్సేనప్ప వచ్చి గడపవెలుపలనే నిలిచెను.

“ఎంత పని చేస్తివి వదినా! తాత వాకిట్లోకి పీనుగను తెస్తివే, అదీ వాడోళ్ళ పీనుగను! రేపు మా గడప ఎవరు తొక్కుతారు?”

“తాతను గూడా ఒకనాడు నలుగురు మోసుకొచ్చినోళ్ళే కదప్పా” అని సైదమ్మ యనెను.

అతడు తిరిగిపోయెను. అతనితో బంధువర్గమంతయు తిరిగిపోయెను. కాపుస్త్రీలు జ్వరపు బిడ్డల నెత్తుకొని పొరుగూరి కేగిరేగాని యామె గుమ్మమువంక చూడరైరి. ఆశ్వయుజమున గంధోత్సవమునకు మేళము రాలేదు, గుఱ్ఱము రాలేదు. సైదమ్మ తానే గంధమునూఱి తానే తలపై నెత్తుకొని సమాధిచుట్టు తిరిగి తానే యద్దెను. ఫాతెహా చదువువారు లేమిచే తనకు వచ్చిన తెలుగుమాటలతోనే ప్రార్థించెను. అలవాటు చొప్పున పెద్దపాత్రనిండ మలీద ప్రసాదము చేసినది కావున దానిని పెట్టుటకు మనుష్యుడు లేక చాలసేపు ముందిడుకొని కూర్చుండెను.

ఆ ఋతువున జ్వరములు ప్రబలి మఱికొన్ని పాడెలు ఆ వాకిటనే మిట్టకు పోయెను. తమవలన నామె కింకను కీడు మూడునేమో యని వెఱచి వాడవారు తలలు వంచి త్వరితముగా దాటిపోవుదురేగాని కూర్చుండి పలుకరింపరు. ఐనను ఆ యడుగుల చప్పుడే యామెకు లోకముతో మిగిలిన చుట్టఱికము.

కార్తికమున జొన్న కోతకు వచ్చెను. మిట్టకు దారి యిచ్చినగాని కొడవలి పట్టమని వాడవారు నిశ్చయించుకొనిరి. వెంగళరెడ్డి పొరుగూరినుండి కూలీలను రప్పించెను. ఆ వార్త విని వాడయువకులు కఱ్ఱలు గొని చేనిగట్టున చేరగా రెడ్డి మనుష్యులును బరిసెలతో నెదురు నిలిచిరి. ఇరుపక్షముల నడుమనున్న గట్టుపైకి సైదమ్మ ఊరుకొండనుచు నడచివచ్చెను.

“నీకేమవ్వా, ఊరుకోండంటావు. మాకు దారి కావాల!” అని యొక యువకుడు గర్జించెను.

“దారి వచ్చేదాకా కొడవలి పట్టొద్దండి. నేనూ అదే చెప్తాండా. కర్ర మాత్రం కింద పెట్టండి. కర్ర లేచిందంటే దారి మాట పోయి కర్ర మాటే మిగులుతుంది.”

ఆమె యచ్చటనే కూలబడెను. ఆమెను దాటిగాని యెదుటివానిని కొట్టరాదు. దానియేలు ముందుగా తన చేతికఱ్ఱను నేల పెట్టెను.

అచ్చటినుండి యామె తిన్నగా వెంగళరెడ్డి యింటి కేగి వాకిటి బండపై కూర్చుండెను. అన్నము తెచ్చిన తాకలేదు. పొద్దువాలువేళకు రెడ్డి వెలికివచ్చెను.

“సైదమ్మా, తాతలనాడు లేని దారి నేనెట్లిచ్చేది?”

“తాతలనాడు సావు ఉన్నింది కదా రెడ్డీ.”

“నీవు మా పక్షమా, వాళ్ళ పక్షమా? అది చెప్పు ముందు.”

“ఆ పొద్దు వానలో తడిసిన బిడ్డ పక్షం నాయనా.”

రెడ్డి చేలవంక చూచెను. అతని హృదయమును కదల్చినది కరుణయో, పిచ్చుకలు వ్రాలుచున్న పండినకంకులో, చెప్పుట కష్టము. మఱుదినమున గట్టు కిరువైపుల రాళ్ళు పాతి పాడె పోవునంత వెడల్పున దారి విడిచెను. వాడవారు కొడవళ్ళు పట్టిరి.

కోత ముగిసిన సాయంకాలమున రెడ్డి వాకిట పెద్దలకు విందును, వాడబడిలో కృతజ్ఞతాప్రార్థనయు జరిగెను. రెడ్డి పంక్తిలో నామె వాడవారి మనిషి యని తలచిరి. వాడలో నామె రెడ్డిగారి గడపను కూర్చుండి వచ్చినది గదా యనుకొనిరి. ఏ వంకనుండియు పిలుపు రాలేదు. హుస్సేనప్పయు రాలేదు. ఒకవైపు విస్తళ్ళచప్పుడును ఒకవైపు కీర్తనయు వినుచు సైదమ్మ దీపము వెలిగించుకొనెను. తాను కోరినదే ఫలించుటచే నాటినుండి తన వాకిట పాడెల యడుగులును నిలిచిపోవునని యపుడామెకు స్ఫురించెను. స్ఫురించినను దుఃఖింపలేదని చెప్పుట సత్యము కాదు.

మార్గశిరమున మంచు కురియు నొక యుదయమున వాడలో వృద్ధుడొకడు గతించెను. పాట మెల్లమెల్లగా గట్టువెంట సాగివచ్చుచు దర్గాకెదురైన మలుపున నకస్మాత్తుగా నాగిపోయెను. సైదమ్మ గోడయొద్దనుండి చూడగా పాడె నేలపై నుండెను. మోయువారు ప్రక్కన నిలిచియుండిరి. మరల నెవరో యడ్డగించిరని తలచి యామె కఱ్ఱ యూతగా పరువుపరువున నేగెను. అడ్డగించినవా డెవడును లేడు.

“నీకోసమే దించినాం అవ్వా” అని దానియేలు చెప్పెను. “నీవొచ్చి చెయ్యేస్తేనే ఎత్తేది అనుకున్నాం.”

సువార్తమ్మ తల్లి కరుణమ్మ గుంపునుండి ముందుకు వచ్చి సైదమ్మ చేయి పట్టుకొని వెదురుబొంగుపై నుంచెను. పాడె లేచెను. కీర్తన మరల మొదలై మిట్టవంకకు సాగిపోయెను.

పోట్లాడువారి నడుమ కూర్చుండువారికి ఇరువురి పంక్తులలోను విస్తరి వేయువారుండరు. ఐనను వా రట్లు కూర్చుండకున్న దారులు పడవు. పాట వినబడినంతవఱకు సైదమ్మ మలుపుననే నిలిచి, పిమ్మట కోసిన చేలనడుమ పాతురాళ్ళ వరుసవెంట నొక్కతెయే యింటికి మరలెను. తాను కోరి తెచ్చిన యా దారిపై నామె యడుగిడుట యదియే మొదలు.