పసుపు సంచి పందెం

నేను ఒక మైనపు దిమ్మను. అగ్గిపెట్టెలో సగం ఉంటాను. నా నడుమ మెంతిగింజంత మాంసపు ముక్క ఉంది. అది పేరంటాలు అనే ఆవిడ అన్నవాహికలోది. అందుకే మైనం ఎంతున్నా నన్ను నేను పేరంటాలు ముక్కననే అనుకుంటాను.

ఆవిడ గుంటూరు మిరప యార్డులో తొడిమలు తీసే మనిషి. మొదట అన్నం దిగలేదు, తరువాత జావ కూడా దిగలేదు. నోట్లోంచి గొట్టం దించి, దాని కొనకున్న చిన్న పటకారుతో నన్ను తుంచారు. విడిపోయేటప్పుడు ఒక మాటైనా అనుకోవాలంటారు. మాకు ఆ భాగ్యం లేదు. ఆవిడ నోట్లో గొట్టముంది.

ఫార్మలిన్‌లో నానబెట్టారు. స్పిరిట్‌లో ముంచి తడంతా లాగేశారు. కరిగిన మైనం పోసి చల్లార్చారు. ఆవకాయకైనా ఇంత జాగ్రత్త ఉండదు. ఆపైన పేరు తీసేసి నంబరు వేశారు.

నన్ను దాచిన ల్యాబులో డాక్టర్ నస్రీన్ అన్నవాహిక కేన్సర్ మీద పరిశోధన చేస్తోంది. నన్ను ఉల్లిపొర కంటే పల్చగా చెక్కి ఆ పొరల్ని యంత్రానికిచ్చింది. ఒంట్లో ఎక్కడ చూసినా జన్యువులు అవేనట. ఏది ఎంత గట్టిగా మాట్లాడుతోందన్నదే తేడా. నాలో ఒక జన్యువు కేకలు పెడుతోందని తేలింది. ఎవరి ముక్కలో ఆ కేక వినపడిందో వాళ్లలో ఎక్కువమంది త్వరగా పోతున్నారని అప్పటిదాకా చూసినవాళ్ల అనుభవం.

మన దగ్గర చెడ్డమాట రోగికి చెప్పరు. పేరంటాలు భర్త మస్తానయ్యను పక్కకు పిలిచి చెప్పారు. ఆయన కడుపులో దాచుకున్నాననుకున్నాడు. మర్నాడు పొద్దున్నే పేరంటాలు ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చేసింది, వెనకాలే మొగుడు.

"డాక్టరమ్మా, నా ముక్క ఏందో చెప్పిందంట గదా?"

"ఎవరన్నారమ్మా?"

"ఎవరూ అన్లా. పెళ్లయిన కాడ్నించి 'ఏమే' అని తప్ప పిలవని మనిషి నిన్న 'పేరంటాలూ' అన్నాడు. వైద్యం వద్దు, ఇంటికి పోదాం, సినిమా చూపిస్తా అన్నాడు. ఇంక తెలవకేం?"

"ప్రేమగా పిలిచినా తప్పేనా!" అన్నాడు మస్తానయ్య నేల చూస్తూ.

నస్రీన్ నన్ను తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టి, నా కేక సంగతి చెప్పింది.

"ఇదా! దీని మాటకా మీరు బెదిరింది? ఇట్టా అరిచినోళ్లందరూ పోయారా?"

"అందరూ కాదమ్మా. కొందరున్నారు. వైద్యం చేయించుకుంటే..."

"అయితే ఆ కొందర్లో నన్ను రాసుకో. తాలుకాయల్లోంచి గూడా మంచికాయలు ఏరినదాన్ని. దీన్నేం చేస్తారు?"

"కొన్నేళ్లు దాచి, తరువాత పసుపు సంచిలో వేసి కాల్చడానికి పంపేస్తారు."

"ఓస్! చూద్దాం మరి. అది ముందు పోద్దో, నేను ముందు పోతానో."

మస్తానయ్య కీమో వార్డు వైపు నడిచాడు.

నాకు కోపం రాలేదు. తుంచిన రోజున లోపలేం జరుగుతోందో అంతవరకే నాకు తెలుసు. నా కేక మైనంలోనే గడ్డకట్టింది. ఆ తరువాత ఆవిడేం తిన్నదో, ఎంత వాంతి చేసుకున్నదో, ఏ పట్టుదలతో మళ్లీ లేచి కూర్చున్నదో నేనెరగను. మనుషులు మాత్రం నన్ను జాతకం చేసి చదువుతారు.

నస్రీన్ కంప్యూటర్లో ఒక గీత ఉంది, దిగుడుబావి మెట్లలాగా. ఒకరు పోయినప్పుడల్లా ఒక మెట్టు కిందికి దిగుతుంది. అలా దిగినవాళ్ల దిమ్మలు నా పక్కనే ఉన్నాయి, తమ మనిషి లేరని తెలియకుండా. ఉన్నవాళ్లకు గీత మీద చిన్న నిలువు గుర్తు పెడతారు. ఉన్నారో లేదో ఫోన్ చేసి కనుక్కుంటారు.

ఏళ్లు గడిచాయి. మొన్న నస్రీన్ ఫోన్ చేసింది. "పేరంటాలు గారి తాలూకు ఎవరైనా ఉన్నారా అండీ?" అని గొంతు తగ్గించి అడిగింది.

"నేనే పేరంటాలుని. ఏందమ్మా, పోయాననుకున్నావా?"

గొంతు బొంగురుపోయింది గానీ పొగరు తగ్గలేదు. నస్రీన్ కుర్చీలోంచి లేచి నిలబడింది. "అయ్యో, అది కాదమ్మా... తినగలుగుతున్నారా?"

"మెత్తగా పిసికితే దిగుద్ది. ఈ మనిషి మళ్లీ 'ఏమే' అంటున్నాడు. ఇంకేం కావాలి? అవునుగానీ, అదుందా ఇంకా?"

"ఉందమ్మా."

"పందెం మర్చిపోలేదని చెప్పు."

నస్రీన్ నవ్వి, గీత మీద నిలువు గుర్తు పెట్టింది.

ఇప్పుడు పక్క వరుసలో పాత దిమ్మలు ఖాళీ చేస్తున్నారు. పసుపు సంచి నోరు తెరుచుకుని తలుపు దగ్గరే ఉంది. రానివ్వండి. పేరంటాలు తన ముద్ద తాను మింగుతుండగానే నన్ను అందులో పడెయ్యండి. ఆనాడు యంత్రం నా నోట పలికించింది అబద్ధమని నేననను. ఈ పందెం మాత్రం ఓడి తీరతాను.