అమావాస్య నాటి ఫోటో

గంజి తడి ఆరకముందే పడుగును కోసేశారు. నిత్య కళ్ళారా చూసింది. తెల్లవారి ఆరింటికి నేతగాళ్ళ మైదానంలో కొయ్యలకు బిగించి, ఈ చివరి నుంచి ఆ చివరికి సాచిన నూలు అది. కాంట్రాక్టరు మనిషి దానికి కత్తి పెట్టి, కొయ్యలు పీకి బండిలో వేసుకున్నాడు. నిత్య అవ్వ చెంగమ్మ గంజి కుంచె చేతిలో పట్టుకునే అతని వెంటపడింది.

"ఎవుర్నడిగి కోస్తివిరా?"

"ఈడ పూంగా వస్తాది అవ్వా. బోర్డు చూళ్ళేదా?"

బోర్డు తమిళంలో ఉంది. ప్లస్ వన్ చదివే నిత్యే ఆ తెలుగు నేతగాళ్ళ వీధికి చదివి చెప్పింది. పూంగా అంటే పార్కు; చుట్టూ కంచె, నడకదారి, పక్షుల కోసం చెట్లు. పొద్దున ఐదు నుంచి తొమ్మిది దాకా నడిచేవాళ్ళకు మాత్రమే ప్రవేశం. పడుగుకు గంజి పట్టించే వేళా అదే. ఎండ ముదిరితే దారం పెళుసెక్కి తెగిపోతుంది.

మరునాడు వీధి వీధంతా పార్కు పథకం ఆఫీసుకు కదిలింది. ప్లాను గీసిన మురళీధరన్ గోడ మీది పటం చూపించాడు. మైదానానికి పచ్చరంగు వేసి రెండు మాటలు రాశారు: వాడుకలేని స్థలం.

"నడక ఆరోగ్యానికి మంచిదమ్మా," అన్నాడు.

"కుంచె పట్టుకోని దినమూ నాలుగు మైళ్ళు నడస్తాము సార్," అంది చెంగమ్మ. "మాకు నడక నేర్పిచ్చేదానికి వచ్చినారా?"

జనం నవ్వారు. అతను నవ్వలేదు. ఒక ఫోటో బల్ల మీద పడేశాడు. "సర్వేకి వచ్చిన రోజు ఒక్క మనిషి లేడు. చూడండి."

నిజమే, ఖాళీ మైదానం. నిత్య చూపు మూలనున్న తేదీ మీద పడింది. తరగతిలో హాజరు పలకడానికే తడబడే పిల్ల ఎలాగో గొణిగింది.

"ఆ దినము అమావాస సార్. అమావాసకి మేము మగ్గం ముట్టము."

"మీ అమావాస్యలు పటంలో ఉండవు పాపా. పని మొదలుపెట్టేదీ వచ్చే అమావాస్యకే. మా తమిళవాళ్ళకది మంచిరోజని కాంట్రాక్టరు పెట్టించాడు."

మూడు వారాల్లో మూడు అర్జీలు వెళ్ళాయి. బదులు లేదు. అమావాస్య ముందునాటి సాయంత్రం వీధిలో కూటం పెట్టారు.

"ఇంకో అర్జీ పెడదాము," అన్నాడు వీధి పెద్ద సుందరరాజులు.

"ముందరివి యాడుండాయో చెప్పు మామా, వాటి పక్కన పెడదాము," అన్నాడు నేతగాడు సురేష్.

చెంగమ్మ లేచింది. "మనము ఇంట్లో కూర్చుండే ఆ ఒక్క దినమే వాళ్ళ కండ్లకి కనబడిందప్పా. రేపు పడుగులు సాస్తాము."

"అమావాసకా? మా తాత కాలం నించి లేదు. పార్కు కోసరం ఆచారం చెరుపుకుంటామా?" సుందరరాజులు అడ్డుపడ్డాడు.

"నేలే పోతే ఏ దినము సాస్తావు అన్నా?"

సుందరరాజులు తుండు దులుపుకుని వెళ్ళిపోయాడు.

అమావాస్య తెల్లవారేసరికి మైదానంలో కాలు పెట్టే సందు లేదు. పదహారు పడుగులు. గంజి వాసన. మంచిరోజు చూసుకుని వచ్చిన జేసీబీ గట్టు మీదే నిలబడిపోయింది. అప్పుడొచ్చాడు సుందరరాజులు, కొయ్యలు భుజాన వేసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా.

"ఆ ముడి అట్లా వేస్తారా? గట్టిగా లాగండి," అని కసిరాడు.

ఎనిమిదింటికి పోలీసులు చెంగమ్మను వ్యాను ఎక్కించారు. ఎక్కుతూనే కుంచెను నిత్య వైపు విసిరింది. "ఆరిపోతా ఉంది, చూడు!"

నిత్య దాన్ని అందుకుంది. కుంచెను గంజిలో ముంచి పడుగు వెంట నడిచింది. ఆ చివర మురళీధరన్ నిలబడి ఉన్నాడు. ఆమె గొంతు మైదానమంతా వినిపించింది.

"ఫోటో తియ్యండి సార్! తేదీ పడేమాదిరి తియ్యండి!"

వెనక మిగిలిన పడుగులన్నిటి పక్కన కుంచెలు కదిలాయి.