కాకిబంగారం దుమ్ము

“ఎండలో అద్దాలు తుడిచింది చాల్లేమ్మా. ఇంక మా ఇంటికొచ్చి సుఖంగా ఉండు” అన్నాడు మా హెన్రీ ఫోనులో. పని ముగించి, వైపరుకు అంటిన బురద కడుగుతున్నాను నేను. కొడుకు అంత మాట అంటే ఏ తల్లికైనా కడుపు నిండుతుంది. నాకూ నిండింది. ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను కూడా. ఫోను పెట్టేశాక మాత్రం ఆ ‘సుఖంగా’ అన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. సోమవారం కారేసుకుని ఆత్మకూరు నుంచి వస్తాడట. పని మానుకుంటానని చెప్పి, పెట్టె సర్దుకుని ఉండమన్నాడు. వస్తావా అని అడగలేదు.

నేను తుడిచేవి ఇంట్లో అద్దాలు కావు, ఎండ నుంచి కరెంటు తీసే సోలారు అద్దాలు. మా పల్లె ఉదయగిరి నుంచి దుత్తలూరు పోయే దారిలో ఉంది. ఆ అద్దాలు నిలబడ్డ నేల ఒకప్పుడు కాకిబంగారం గని. దాన్ని అభ్రకమని కూడా అంటారట, ఈ మధ్యే ఒక బోర్డు మీద చదివాను. మా ఆయన వరప్రసాదం లోపలికి దిగి రాయి కొట్టేవాడు. ఆడవాళ్ళం షెడ్డులో కూర్చుని ఆ రాతిని చిన్న కత్తితో పొరలు పొరలుగా విడదీసేవాళ్ళం. సాయంత్రం ఇల్లు చేరేసరికి జుట్టుకూ చెంపలకూ మెరుపు అంటుకుని ఉండేది. “ఏంది ఆ మెరుపు? ఎవురికి చూపించేదానికి?” అనేవాడాయన. ఆయన మీసాలకూ అదే మెరుపు. ఆ సంగతి నేను ఎప్పుడూ అనలేదు. మొహం కడుక్కుని పొయ్యి ముట్టించేదాన్ని.

మా అత్త ఆనందమ్మ మిషన్ బడిలో చదువుకున్న మనిషి. రోజూ సాయంత్రం వాకిట్లో కూర్చుని బైబిలు పైకి చదివేది. నేను అంట్లు తోముతూ వినేదాన్ని. గిన్నెల చప్పుడులో సగం మాటలు పోయేవి. ఒకసారి ధైర్యం చేసి, నాకూ అక్షరాలు నేర్పించమని అడిగాను. “నేను చదివి వినిపిస్తానే ఉండానుగదా. చెవులు ఇటు పెట్టు, చేతులు పని మీద పెట్టు” అన్నది. ఇంకోసారి హెన్రీ బడి పుస్తకం చేతిలోకి తీసుకుని బొమ్మలు చూస్తుంటే మా ఆయన, “దాని చేతికి ఇచ్చినావేందిరా, పొయ్యిలో పెడతాది!” అన్నాడు. హెన్రీ పకపకా నవ్వాడు. చిన్నపిల్లవాడు, నాయన నవ్వించాడు, నవ్వాడు. వాడికి అది గుర్తుండి ఉండదు. నేను మాత్రం మళ్ళీ వాడి పుస్తకం ముట్టుకోలేదు.

తరవాత గని గిట్టుబాటు కాలేదని మూసేశారు. మా ఆయనకు దగ్గు పట్టుకుంది. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టరు చెప్పాడు. ఆయన పోయినప్పుడు ఒళ్ళు తుడుస్తుంటే చెవి వెనక ఒక మెరుపు ముక్క కనబడింది. గని మూసి అప్పటికి ఎంతో కాలమైంది. అది ఎక్కడ దాక్కుందో! ఆ తరవాత అత్త కూడా పోయింది. హెన్రీ చదువుకుని ఆత్మకూరులో బ్యాంకు ఉద్యోగం తెచ్చుకున్నాడు. నేను గని చుట్టూ ఉన్న రాళ్ళగుట్టల్లో ముక్కలు ఏరి అమ్ముకుంటూ బతికాను.

అప్పుడు వచ్చారు సోలారు వాళ్ళు. గుంతలకు కంచె వేశారు, రాళ్ళగుట్టలు చదును చేశారు, ఇనప కాళ్ళ మీద వరసలు వరసలుగా అద్దాలు నిలబెట్టారు. మేం పొరలు తీసిన షెడ్డే ఇప్పుడు ఆఫీసు. పెద్ద గుంతలో నిలిచిన నీళ్ళను శుభ్రం చేసి, అద్దాలు కడగడానికి పైపుల్లో వదులుతారు. పాత గని కూలీల ఇళ్ళ ఆడవాళ్ళకే ఈ పని ముందు ఇస్తామన్నారు. తెల్లవారకముందే మొదలుపెట్టి, అద్దం వేడెక్కకముందు ముగించాలి. ప్యాంటు, బూట్లు, టోపీ ఇచ్చారు. మొదటి రోజు ప్యాంటు వేసుకుని నడవలేక నవ్వుకున్నాం. రెండో వారానికల్లా చీరతో ఎట్లా నడిచేవాళ్ళమా అనిపించింది.

నా జోడీ జైతూన్‌బీ. ఉదయగిరి నుంచి ఆటోలో వస్తుంది. వాళ్ళ పుట్టింట్లో కొయ్య గరిటెలు చెక్కుతారు, ఆమె నోరు కూడా ఆ ఉలి మాదిరి కొంచెం పదునే. ఒక పొద్దున దుమ్ము పట్టిన అద్దం మీద వేలితో ఏదో గీసింది.

“ఏందది?” అన్నాను.

“నా పేరక్కా. పొద్దున్నే నా పేరు నేను చూసుకుంటే మా ఇంటాయన మొహం చూసినదానికంటే మేలు” అన్నది. నేను చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. “నీ పేరూ రాసేదా?”

“వద్దు. నా పేరు ఎట్టుంటదో నేనే రాసి చూసుకుంటా.”

ఆ రోజే మొదలైంది. అద్దం మీద ఆమె ఒక అక్షరం రాసేది, పక్కన నేను దిద్దేదాన్ని, నీళ్ళు కొట్టి తుడిచేసేవాళ్ళం. పక్క అద్దం మీద మళ్ళీ అదే అక్షరం. వరుస పూర్తయ్యేసరికి అక్షరం చేతికొచ్చేది. తప్పు రాసినా తుడిచే పనే మాది కాబట్టి, నా తప్పు ఒక్కటీ మిగిలేది కాదు. మా సూపర్‌వైజరు కరుణశ్రీ, వింజమూరు పిల్ల, ఒకరోజు చూసింది. పని పోయిందనుకున్నాను. “రాసుకోండి పెద్దమ్మా. కానీ ఈ దుమ్ములో రాతిపొడి ఉంది, గీతలు పడతాయి. వేలికి మెత్తటి గుడ్డ చుట్టుకోండి” అని చెప్పి వెళ్ళిపోయింది.

సూర్యుడు పైకొస్తే ఆ అక్షరాలు మెరిసేవి. నేల మట్టి పోసి చదును చేసినా కాకిబంగారం దుమ్ము గాలికి లేస్తూనే ఉంటుంది. ఆ దుమ్మే మా ఆయన ఊపిరి తీసింది. దాని మీద ఎట్లా కోపం తెచ్చుకోవాలో తెలియక, అది ఇచ్చిన అక్షరాలకు దండం పెట్టుకున్నాను. ఇప్పుడు అత్త బైబిలు నేనే చదువుకుంటున్నాను. గిన్నెల చప్పుడులో పోయిన మాటలన్నీ అందులోనే ఉన్నాయి.

హెన్రీకి ఈ సంగతి చెప్పలేదు. మళ్ళీ నవ్వుతాడేమోనని భయం.

ఇక ఆత్మకూరు సుఖం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. మనమరాలు పుట్టాక ఒకసారి సెలవు పెట్టి వెళ్ళాను. కోడలు జెస్సికా టీచరు, మంచి పిల్ల. “మీ చేతి చారు ఎవరికీ రాదు అత్తమ్మా” అంటుంది. పూటపూటా చారు నేనే పెట్టాను. “మీకు ఊరికే కూర్చుంటే తోచదుగదా” అంటుంది; బట్టలు నా ముందుకొస్తాయి. పాపను ఎత్తుకోవడం పని కాదు, అది నా భాగ్యం. కానీ పాపను చూసుకునే ఆదిశేషమ్మను నేనున్నన్నాళ్ళూ రావద్దన్నారు. ఆమె పక్కవీధి మనిషి, ఆ జీతంతోనే ఇల్లు నడుపుకుంటుంది. దారిలో కనబడి, “మీరు ఎన్నాళ్ళుంటారమ్మా?” అని అడిగింది. ఆ అడగడంలోనే అంతా ఉంది. ఒకరోజు బ్యాంకు వాళ్ళు భోజనానికొస్తే హెన్రీ నన్ను చూపించి, “మా అమ్మ. ఊళ్ళో ఖాళీగానే ఉంటుంది” అన్నాడు. నేను వడ్డిస్తూనే ఉన్నాను.

సోమవారం రానే వచ్చింది. పెట్టె సర్దలేదు. రానని ఫోనులో చెప్పనూ లేకపోయాను. రాననే మాట నా నోటికి ఎప్పుడూ అలవాటు లేదు. కాపురానికి పొమ్మంటే వచ్చాను, షెడ్డుకు పొమ్మంటే పోయాను, పుస్తకం ముట్టుకోవద్దంటే ముట్టుకోలేదు.

ఇంకొక్క వరుస మిగిలి ఉండగా గేటు దగ్గర కారాగింది. వాచ్‌మన్‌ను అడిగి లోపలికొచ్చి, నేరుగా నా దగ్గరకే వచ్చి, “ఇక్కడ రెబెకమ్మ అని ఉంటారు, కాస్త పిలుస్తారా?” అన్నాడు హెన్రీ.

“నేనే నాయనా” అని మొహానికి కట్టుకున్న గుడ్డ తీశాను.

వాడు నా టోపీ, ప్యాంటు, బూట్లు చూశాడు. చుట్టూ ఎవరన్నా ఉన్నారేమోనని కూడా చూశాడు. “సరే పద. పెట్టె యాడుండాది?”

“ఇంకొక వరుస ఉండాది.”

“వాళ్ళు తుడుచుకుంటార్లేమ్మా. రేప్పొద్దున జెస్సికా బడికి పోవాల. ఆదిశేషమ్మను మానుకోమని చెప్పేసినాం. ఇదిగో, చూడు నీ మనమరాలు” అని ఫోనులో పాపను చూపించాడు. బోసినోటితో నవ్వుతోంది. నా గుండె నీరైపోయింది. ఇప్పుడు నోరు తెరిస్తే ‘పద నాయనా’ అనే మాటే వస్తుంది. ఇన్నేళ్ళ నోరు కదా, దాని సంగతి నాకు తెలుసు.

అందుకని నోరు తెరవలేదు. తుడవని అద్దం దగ్గరకు వెళ్ళి, వేలికి గుడ్డ చుట్టుకుని రాశాను. నీళ్ళ పైపు పట్టుకున్న జైతూన్‌బీ పైపు కట్టేసింది. ఎండ పడి నా అక్షరాలు మెరిశాయి.

“రాను” అని చదివాడు హెన్రీ. ఒకసారి అద్దం వైపు, ఒకసారి నా చేతి వైపు చూశాడు. నవ్వలేదు. “అమ్మా... ఎవురు నేర్పించినారు?”

“జైతూన్‌బీ.” ఒక్క మాట చేతిలోంచి బయటపడ్డాక మిగతావి నోట్లోంచి వాటంతటవే వచ్చాయి. “నేను ఖాళీగా లేను నాయనా. ఆదిశేషమ్మను మాన్పించబాక. పాపను చూసేదానికి సెలవు దొరికినప్పుడల్లా వస్తా, చుట్టం మాదిరి. నేనొచ్చినప్పుడు చారు నువ్వు పెట్టు.”

“నాకు చారు పెట్టేది రాదమ్మా.”

“రాకపోతే నేర్చుకో అబ్బయ్యా, మీ అమ్మ నేర్చుకోలా?” అన్నది జైతూన్‌బీ.

వాడు కళ్ళు తుడుచుకున్నాడు. అటువైపు నుంచి కరుణశ్రీ, ఇంకొందరు వస్తున్నారు. వాళ్ళు చదువుతారేమోనని జేబులోంచి రుమాలు తీసి అద్దం దగ్గరకు పోయాడు. పోయి, చెయ్యి ఆపి, నా వైపు తిరిగాడు. “తుడిచేదా అమ్మా?” నా విషయంలో ఏదన్నా చేసేముందు వాడు నన్ను అడగడం అదే మొదలు.

“తుడిచెయ్యి నాయనా” అన్నాను. “మళ్ళీ రాసేదానికి నాకొచ్చు.”