కాపలా మంత్రగత్తె

ఆదివారం షాపుకి సెలవు. షట్టరు సగం దించి, వెనక గదిలో బిల్లులు కొట్టే కంప్యూటరు ముందు కూర్చున్నాను. కాగితం చుట్టిన గాజు పలకలు గోడ పొడుగునా ఆనించి ఉన్నాయి. వారమంతా అద్దాలు కోసే చేతులు నావి, ప్లాస్టరు లేని రోజు ఉండదు. ఆ రోజు మాత్రం చూపుడు వేలి ప్లాస్టరు పీకేసి మరీ కూర్చున్నాను. నిప్పు మంత్రం వేసేది ఆ వేలితోనే.

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. అవతలివాళ్ళ కోట ముందు కూల్చినవాళ్ళు గెలుస్తారు. పడిపోయినవాళ్ళు కాసేపాగి మళ్ళీ లేస్తారు, ఆట ముదిరేకొద్దీ ఆ లేవడం ఆలస్యమవుతుంది. ఐదుగురిలో ఒకడు విలుకాడు. మొదట్లో వాణ్ణి ఎవరు తాకినా పడిపోతాడు. శత్రువుల్ని పడగొట్టేకొద్దీ బలం పుంజుకుని, చివరికి కోట కూల్చేది వాడే. అందుకని వాడి పక్కన ఒక తోడు ఉంటుంది. సపోర్ట్ అంటారు. లోకమంతా ఆ పనికి వైద్యురాలి పాత్రనే తీసుకుంటుంది. ఆవిడ గాయాలు మాన్పుతూ, కవచం కప్పుతూ బుద్ధిగా వెనక నిలబడుతుంది. నేను నిప్పుల మంత్రగత్తెని తీసుకుంటాను. దెబ్బ తగిలేదాకా ఆగి కట్టు కట్టడమేమిటి? కొట్టడానికి వచ్చేవాణ్ణి దారిలోనే కాల్చేస్తే గొడవ వదిలిపోతుంది కదా!

ఇందులో చిక్కల్లా ఒకటే. చివరి దెబ్బ ఎవరు వేస్తే బలం వాళ్ళకే చేరుతుంది. కాబట్టి సపోర్ట్ అన్నది శత్రువుని చావుబతుకుల దాకా తెచ్చి, ఆ ఒక్క దెబ్బ విలుకాడికి వదిలెయ్యాలి. ఆ వదిలెయ్యడమే నా చేతికి రాదు.

మా జట్టు విలుకాడు మా తమ్ముడు. లిఫ్టులు బాగుచేస్తాడు. ఏడాది క్రితం ఒక పెద్ద భవనంలో లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. తీగ అరిగిపోయింది మార్చండి అని వాడు ముందే చెప్పినా మేనేజరు వినలేదు. తీరా ఆగిపోయాక ఆ మేనేజరే నలుగురి ముందూ మావాణ్ణి దద్దమ్మ అన్నాడు. వాడు మా ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా పడుకున్నాడు. నేను ఊరుకుంటానా? మర్నాడు పొద్దున్నే వెళ్ళి, ఆ మేనేజర్ని తన గదిలోనే కడిగిపారేశాను. మనిషి మొహం మాడిపోయింది. ఆ మొహం తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండిపోతుంది. నేను చేసింది తప్పన్నవాళ్ళనీ కడిగేస్తాను.

కానీ ఆ తర్వాత తమ్ముడు పనిముట్ల సంచి తీసినప్పుడల్లా తోటివాళ్ళు, "మీ అక్కని తెచ్చుకున్నావా?" అని ఏడిపించారట. వాడు ఆ ఉద్యోగం మానేశాడు. మా ఇంటికి రావడమూ మానేశాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. జట్టు మాత్రం వదల్లేదు. ఆదివారం ఆటలో, "అక్కా, పొదలో ఒకడున్నాడు", "అక్కా, వెనక్కి రా" అంటాడు. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడడు. ఆ రెండు ముక్కల కోసం నేను వారమంతా ఎదురుచూస్తాను.

ఇప్పుడు వాడి పక్కన నా చోటుకే ఎసరొచ్చింది. మా కెప్టెన్ని అందరం మాస్టారు అంటాం. ఏ బడిలోనూ పాఠం చెప్పిన మనిషి కాదు, బస్సు నడుపుతాడు. నోరు తెరిస్తే మాత్రం పాఠమే. ఆట మొదలయ్యే ముందు ఆ రోజు పాఠం చెప్పాడు.

"చూడమ్మా, ఇది సెమీఫైనల్. ఇవాళ ఓడామో, నీ చోట్లో వైద్యురాలిని పెడతా. కొత్తమ్మాయి రెడీగా ఉంది. మళ్ళీ నా మీద అరవకు."

"గెలిస్తే?" అన్నాను.

"గెలిస్తే నీ ఇష్టం. నిప్పే పెట్టుకో, నీళ్ళే పెట్టుకో."

తమ్ముడు తన ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటూనే ఉన్నాడు. 

ఆట మొదలైన కాసేపటికే అవతలి జట్టులో కత్తులవాడు, కోటల మధ్య మూడు దారుల్లో తమ్ముడూ నేనూ ఆడే కింది దారి మీద పడ్డాడు. కనబడకుండా వచ్చి, కళ్ళు మూసి తెరిచేలోగా పొడిచి మాయమయ్యే రకం. వాడి ధ్యాసంతా మా తమ్ముడి మీదే. మొదటిసారి వచ్చినప్పుడు నిప్పు విసిరాను, కత్తులవాడు అక్కడికక్కడే పడిపోయాడు. రెండోసారీ అంతే. రెండుసార్లూ చివరి దెబ్బ నాదే.

"అమ్మా! తమ్ముడికి వదలమ్మా!" మాస్టారు నెత్తీ నోరూ బాదుకున్నాడు. "బలమంతా నువ్వే మింగితే వాడు కోటెలా కూలుస్తాడు?"

"బతికుంటేనే కదా కూల్చేది!" అన్నాను నేను.

కత్తులవాడికి ఒళ్ళు మండింది. అందరికీ కనబడేలా తెర మీద రాశాడు: "విలుకాడా, కాపలా మనిషి లేకుండా ఒక్కసారి బయటికి రా చూద్దాం." అవతలి జట్టువాళ్ళు దాని కింద నవ్వుల బొమ్మలు పేర్చారు.

తమ్ముడు అప్పటినుంచి మాట్లాడటం మానేశాడు. పొదల గురించి కూడా చెప్పలేదు. నా నుంచి దూరం జరిగి ఆడుతున్నాడు. నేను దగ్గరకు వెళ్తే ఇంకా అవతలికి జరుగుతున్నాడు. అలా ఒంటరిగా దొరికినప్పుడల్లా కత్తులవాడి చేతిలో పడిపోయాడు. చూస్తుంటే నా ప్రాణం గిలగిల్లాడింది. పోనీ ఒక్క మాట అందామా అంటే, ఆ ఒక్క మాటతో ఆదివారాలు కూడా మానేస్తాడేమోనని భయం. పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

ఆట చివరికొచ్చేసరికి రెండు కోటలూ బీటలు వారాయి. మా కోట ముందే పెద్ద కొట్లాట జరిగింది. మాస్టారు పడిపోయాడు. మిగతా ఇద్దరూ పడ్డారు. అటు నలుగురు పోయారు. అక్కడ మిగిలింది కత్తులవాడు, మా తమ్ముడు, కూలిన గోడ చాటున నేను. వాళ్ళిద్దరికీ ప్రాణం కొనఊపిరిలో ఉంది. ఎవరు ముందు కొడితే వాళ్ళదే ఆట. నా నిప్పు సిద్ధంగా ఉంది.

"అక్కా, వదిలెయ్" అన్నాడు తమ్ముడు.  "వీణ్ణి నేను చూసుకుంటా."

"వెయ్యమ్మా! వెయ్యి!" అని మాస్టారు అరుస్తున్నాడు.

"అక్కా, వద్దు. దయచేసి."

కత్తులవాడు మాయమయ్యాడు. ఎక్కడ తేలతాడో నాకు తెలుసు. తమ్ముడి వెనకే తేలతాడు, ఇందాకంతా అదే చేశాడు. తమ్ముడికి అది తెలుసో లేదో నాకు తెలియదు. వాడు విల్లు ఎక్కుపెట్టి కదలకుండా నిలబడ్డాడు. నా వేలు మీట మీదే ఉంది. వాడు పడిపోతే ఆట పోతుంది, నా చోటు పోతుంది, వాడి గొంతు పోతుంది. అంతకు మించి ఆలోచించలేదు. కత్తి మెరిసింది. వేలు నొక్కేశాను.

నిప్పు తమ్ముడి వెనకే పడింది. కత్తులవాడు బూడిదయ్యాడు. అప్పుడు చూశాను, మా తమ్ముడి బొమ్మ అప్పటికే వెనక్కి తిరిగి ఉంది. బాణం కత్తులవాడి వైపే బయలుదేరి, ఖాళీ బూడిదలోంచి దూసుకుపోయింది.

ఆ తర్వాత కోట కూల్చడం ఎంతసేపని! తమ్ముడు నడుచుకుంటూ వెళ్ళి ఒక్కో బాణం వేశాడు. గోడలు కూలాయి. హెడ్‌ఫోన్లు పగిలేలా కేకలు. "ఆ చోటు నీదేనమ్మా! ఎవడూ అడగడు!" అని మాస్టారు గంతులేస్తున్నట్టున్నాడు. నాకు తమ్ముడి గొంతు వినబడలేదు.

"ఒరేయ్, ఉన్నావా?" అన్నాను.

"ఓడితే నేను ఓడేవాణ్ణి కదా అక్కా" అన్నాడు. "ఓడనివ్వాల్సింది."

తెర మీద మా జట్టు గదిలోంచి వాడి పేరు మాయమైంది.

కేకలు ఆగిపోయాయి. తర్వాత మాస్టారు అందుకున్నాడు. "ఎంత పొగరు! గెలిచిన రోజున లేచి వెళ్ళిపోతాడా? ఉండు, ఇప్పుడే ఫోన్ చేసి దులిపేస్తా." అన్నంత పనీ చేశాడు. తన ఫోన్ స్పీకర్లో పెట్టాడు. అది మోగడం మా అందరికీ వినిపిస్తోంది. నేను చేస్తే ఎత్తని ఫోన్, మాస్టారు చేస్తే ఎత్తాడు.

"చెప్పండి మాస్టారూ."

"చెప్పేదేంట్రా? చేతకానివాడికి కోపమెక్కువ. మీ అక్క లేకపోతే ఇవాళ నీ బతుకేమయ్యేది? సిగ్గుండాలి!"

నాకు నెత్తురు తలకెక్కింది. మా తమ్ముణ్ణి అంత మాటంటాడా! బస్సు తోలుకునే పెద్దమనిషి మావాడికి విల్లు విద్య నేర్పుతాడా! నోటిదాకా వచ్చింది. ఆ మాటతోపాటే మేనేజరు మొహం, దాని వెనకే తోటివాళ్ళ నవ్వూ వచ్చాయి. మీట నొక్కి మైకు ఆపేశాను. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అద్దం కోసుకున్నా అంత నొప్పి తెలియలేదు నాకెప్పుడూ.

మాస్టారు తిట్టినంతసేపూ వాడు విన్నాడు. తర్వాత నిదానంగా మాట్లాడాడు.

"చెప్పకుండా వెళ్ళిపోవడం తప్పే మాస్టారూ. ఫైనల్‌కి వస్తాను. కానీ విలుకాడిగా ఆడను. పై దారి ఇవ్వండి, అక్కడ తోడు అక్కర్లేదు. ఒక్కణ్ణే ఆడతాను."

పై దారి అంటే మా దారికి ఆ చివర. అక్కడినుంచి ఎవరూ "పొదలో ఒకడున్నాడు" అని నాకు చెప్పరు.

మాస్టారు మెత్తబడ్డాడు. వాడు అలా ఎదురు నిలబడి మాట్లాడతాడని ఆయనా అనుకున్నట్టు లేదు. "ఏమ్మా, మీ అక్కాతమ్ముళ్ళ సంగతి నాకెందుకు గానీ, నీకు సరేనా?" అని నన్నడిగాడు.

ఫోన్ ఇంకా పెట్టెయ్యలేదు. అవతల తమ్ముడు వింటున్నాడు. వద్దురా, నా పక్కనే ఉండు, ఇంకెప్పుడూ నీ దెబ్బ లాక్కోను అని చెప్పాలనుంది. కళ్ళలో నీళ్ళు తిరిగి తెర మసకబారింది.

చేతులు బయటికి తీసి మైకు తెరిచాను.

"సరే" అన్నాను.