గేదెకు దాణా, కూతురికి పథ్యం

పాడి విషయంలో రత్నమాణిక్యం గారి మాటకు ఎదురులేదు. రావులపాలెం దగ్గర కాలువగట్టు ఊళ్ళో వాళ్ళకు అరటితోట, రెండు గేదెలు ఉన్నాయి. ఆ ఉదయం కొత్తగా ఈనిన గేదె ముందు పాలేరు రాముడు ఎండుగడ్డి పడేసి వెళ్ళబోతుంటే ఆవిడ పాకలోకి వచ్చి పట్టుకుంది.

"ఈనిన గేదెకి ఉత్త గడ్డేస్తావేంట్రా? దూడకి పాలెక్కడినుంచి వస్తాయి? తవుడూ తెలగపిండీ కలిపి పెట్టు."

రాముడు తల గోక్కుంటూ తవుడు బస్తా దగ్గరకు నడిచాడు. ఆవిడ చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్ళి, పురిటికి వచ్చిన కూతురు సత్యశ్రీకి అన్నం వడ్డించింది. పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారప్పొడి, చెంచాడు నెయ్యి. కాన్పయి నెల దాటినా రెండు పూటలా అదే. పప్పు వాతం, గుడ్డు వేడి, పండు జలుబు, నీళ్ళెక్కువ తాగితే పొట్ట పెరుగుతుంది. ఇదీ ఆవిడ గట్టి నమ్మకం.

వసారాలో మగ్గిన చక్కెరకేళి గెల వేలాడుతోంది. పాపను చూడవచ్చిన వాళ్ళందరికీ అందులోంచే పళ్ళు కోసి ఇస్తున్నారు.

"అమ్మా, ఒక్క పండివ్వవే. నోరంతా చేదుగా ఉంది," అంది సత్యశ్రీ.

"అమ్మో, పచ్చి బాలింతవి! నువ్వు తింటే పాపకి రొంప పడుతుంది. మూడో నెల రానీ."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అని సామెత. అది పిసినారి తల్లుల గురించి. రత్నమాణిక్యం అలాంటిది కాదు. కూతురంటే ప్రాణం కనుకనే, ఎంతో శ్రద్ధగా ఆ పిల్ల కడుపు మాడ్చింది. చదువరులారా, పోషకాహార లోపం పేదల ఇళ్ళకే పరిమితం అనుకుంటే పొరపాటు.

పాప కాసేపు చీకి, పాలు రాక వదిలేసి ఏడ్చేది. ఆ మధ్యాహ్నం పాపను ఎత్తుకుని లేవబోయిన సత్యశ్రీకి కళ్ళు తిరిగాయి. పక్కనే ఉన్న తండ్రి కుక్కుటేశ్వరరావు పాపను అందుకోబట్టి సరిపోయింది. సత్యశ్రీ మాత్రం గోడవారగా జారిపడింది. ఆయన వెంటనే కారు తీసి అందరినీ ఎక్కించుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టర్ సాయిసుధ గారు తల్లికి రక్తపరీక్ష చేయించి, పాపను తూకం వేశారు.

"అమ్మాయికి రక్తం బాగా తక్కువగా ఉందండి. పాప బరువు పెరగడం లేదు. ఇలాగే సాగితే ఇద్దరికీ ప్రమాదం. ఏం పెడుతున్నారు?"

రత్నమాణిక్యం పథ్యమంతా చెప్పి, "మా అమ్మ నాకూ ఇలాగే పెట్టిందండి," అంది.

డాక్టర్ కోప్పడలేదు. "మీకు పాడి ఉందాండి?"

"ఉందండి. మొన్ననే గేదె ఈనింది."

"దానికేం పెడుతున్నారు?"

ఆవిడ మొహం వెలిగింది. "తవుడు, తెలగపిండి, పచ్చగడ్డి, ఉడకబెట్టిన ఉలవలండి. కుడితి కడుపునిండా తాగించాలి. ఉత్త గడ్డేస్తే దూడకి పాలు..."

అక్కడ ఆగిపోయింది. కూతురి కేసి చూసింది. పాలిపోయిన పెదవులు, పీక్కుపోయిన చెంపలు. ఇన్నాళ్ళూ పథ్యం చూసింది గానీ పిల్ల మొహం చూడలేదు. ఆవిడకు ఏడుపు ఆగలేదు.

"తెలిసి చేయలేదు కదండీ," అన్నారు డాక్టర్. "అన్నంతో కడుపు నిండుతుంది గానీ రక్తం పట్టదు. పప్పు, గుడ్డు, ఆకుకూర, పాలు, పండు అన్నీ ఉండాలి. దాహమైనన్ని నీళ్ళు తాగనివ్వండి. నేను రాసే మాత్రలకి మీ వంటిల్లు తోడైతేనే అమ్మాయి కోలుకుంటుంది."

మర్నాడు రత్నమాణిక్యం పెరట్లో మునగ కొమ్మ వంచింది. గానుగ నుంచి నూనె తీసిన నువ్వుల తెలగపిండి తెప్పించి మునగాకుతో కూర వండింది. బాలింతలకు పాలు పడతాయని ఆవిడ నాయనమ్మ వండిన కూరే అది. పథ్యం పేరుతో అసలైన వంటనే మరిచిపోయారు. పక్కన ముద్దపప్పు, ఉడికిన గుడ్డు పెట్టింది.

కొన్ని వారాలకు పాప బుగ్గలు నిండాయి. ఒకరోజు పొరుగింటి నూకరత్నం వచ్చేసరికి పాప పాలు తాగి హాయిగా నిద్రపోతోంది, సత్యశ్రీ అరటిపండు ఒలుచుకుంటోంది.

"ఇదేంటి పిన్నీ, బాలింతకి అరటిపండు ఇచ్చావు?"

రత్నమాణిక్యం వసారాలోని కొత్త గెలలోంచి ఇంకో పండు తెంపి కూతురి చేతిలో పెట్టింది.

"పాలిచ్చే గేదెకి అన్నీ కలిపి పెడతాం కదే నూకరత్నం! పాలిచ్చే తల్లి ఏం పాపం చేసింది? తల్లికి అన్నీ పెడితేనే బిడ్డకి పాలు."