బాలిలో అయిదో జుమాగీ

పెళ్లయ్యాక వరుసగా అయిదు శుక్రవారాలు కూతుర్నీ అల్లుణ్నీ పుట్టింటికి పిలిచి విందు పెట్టాలి. జుమా అంటే శుక్రవారం, అందుకే మాలో దాన్ని జుమాగీ అంటారు. అయిదో విందు తిన్నాక పిల్ల పూర్తిగా అత్తగారింటిది. నా పెద్ద కూతుళ్లిద్దరూ అలాగే పోయారు. తర్వాత వచ్చినప్పుడు మంచినీళ్లు కావాలని నన్ను అడిగారు. కుండ ఎక్కడుందో వాళ్లకు తెలియనట్టు!

ఇక మిగిలింది షాజియా. దాని నాలుగు జుమాగీలు కోరుట్లలో అయిపోయాయి. అయిదోది దగ్గరకొస్తుంటే నాకు భయం పట్టుకుంది. అంతలో దాని మొగుడు, సిరిసిల్ల అల్లుడు అస్లం క్యాలెండర్ చూసుకోకుండా హనీమూన్‌కు బాలి టికెట్లు కొన్నాడు. ఆ శుక్రవారం వాళ్లు అక్కడే ఉంటారు. నేను లోలోపల సంతోషించాను.

అస్లం తల్లి, మా వియ్యపురాలు హుమేరా ఊరుకోలేదు. "జుమాగీ తప్పితే ఎట్ల ఆపా? మీరు గూడ పోండ్రి, ఆడనే పెట్టుండ్రి," అంది ఫోన్లో.

అస్లం మంచివాడు, అవసరానికి మించి. మాకూ రెండు టికెట్లు కొన్నాడు. షాజియా నాతో మాట్లాడటం మానేసింది.

"హనీమూన్‌కు అమ్మీ, అబ్బా ఎంబడి అస్తరా ఎవలకన్నా?" అని వాళ్ల నాన్నను నిలదీసింది.

మా ఆయన కమాలుద్దీన్ నలభై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి. "నన్నేం అడుగుతవ్ బిడ్డా? ఆడ చలి ఉంటదా లేదా, గది చెప్పు," అన్నాడు.

బాలిలో చూడాల్సినవన్నీ అస్లం ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చాడు. పిల్లల పక్కన కూర్చుని వాళ్ల పుస్తకాల్లోంచి చదువు నేర్చుకున్నదాన్ని, కాగితం దొరికితే వదలను. మొదటిది వరి మళ్లు. కొండ పొడుగునా మెట్లు మెట్లుగా ఉన్నాయి. చూడాలంటే టికెట్.

"గంభీరావుపేటల మా చెల్లె పొలం ఊకెనే చూడొచ్చు," అన్నాడు మా ఆయన.

"గా పొలంల ఉయ్యాల లేదు గదా అబ్బా," అన్నాడు అస్లం.

ఆ ఉయ్యాల లోయ మీదికి ఊగుతుంది. షాజియా ఎర్ర గౌను అద్దెకు తీసుకుని ఎక్కింది. అది ముందుకు పోయినప్పుడల్లా నేను కళ్లు మూసుకున్నాను. పదిహేడు సార్లు పోయింది, పదిహేడు సార్లూ వచ్చింది.

శుక్రవారం పొద్దున్నే బస చేసిన చోటే బగారా అన్నం, కోడికూర, డబుల్ కా మీఠా వండి క్యారియర్ నింపాను. కాగితంలో చివరిది సముద్రం మీద కొండ అంచున ఉన్న గుడి. అది చూసి, కింద ఒడ్డున కూర్చుని తినాలని అస్లం ఏర్పాటు.

"కోతులుంటయట అమ్మీ. క్యారియర్ కార్ల పెట్టుండ్రి," అన్నాడు.

"జుమాగీ అన్నం కార్ల ఇడిసిపెడ్తరా బేటా? నేను పట్టుకుంట."

వాళ్లు ఫొటోలకు అంచుదాకా వెళ్లారు. నేను ఒక బోర్డు కింద బెంచీ మీద కూర్చున్నాను. ఆవిరికి మీఠా పాడవుతుందని క్యారియర్ మూతలన్నీ తీశాను.

ముందు ఒక ముసలి కోతి వచ్చి, పెళ్లిపెద్దలా మీఠా గిన్నె అందుకుంది. తర్వాత దాని బంధువులంతా వచ్చారు. నేను కేకలు పెట్టాను. జనం వీడియోలు తీశారు. అస్లం అరటిపండ్లతో పరిగెత్తుకొచ్చాడు. పండు ఇస్తే ఇక్కడి కోతులు ఎత్తుకెళ్లింది తిరిగి ఇస్తాయని డ్రైవర్ చెప్పాడట.

"మీఠా తిన్నంక పండెందుకు తీస్కుంటది?" అన్నాడు మా ఆయన.

అస్లం స్పీకర్ పెట్టి తల్లికి ఫోన్ చేశాడు.

"నువ్వు ఒక్క మెతుకన్న ముట్టినవా?" అని అడిగింది హుమేరా.

"లేదమ్మీ. కోతులే తిన్నయ్."

"గట్లయితే అది జుమాగీ గాదు. అచ్చినంక కోరుట్లల మల్ల పెట్టాలె."

"వచ్చే జుమాకు కండ్ల డాక్టర్ దగ్గరికి పోవాలె ఆపా," అన్నాను గబగబా. "ఆ మీది జుమాకు చూద్దం."

ఫోన్ పెట్టేశాక మా ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఇంటి మీదికి కోతి రాంగనే కట్టె పట్కొని ఉరుకుతవ్. గీడ మూతలు తీస్కొని కూసున్నవ్. నెత్తి మీద బోర్డు కనబడలేదా?"

"ఇంగ్లిష్‌ల ఉంది. నాకు ఇంగ్లిష్ రాదు."

"కోతి బొమ్మ ఉంది, అన్నం బొమ్మ మీద ఎర్రగీత ఉంది. బొమ్మకు ఇంగ్లిష్ ఎందుకు తాహెరా?"

నేను మూతల కోసం కిందికి వంగాను. షాజియా వచ్చి నా పక్కన కూలబడింది. "ఆకలైతుంది అమ్మీ," అంది. నన్ను అడక్కుండానే నా సంచీలో చెయ్యి పెట్టి, నీళ్ల సీసా తీసుకుని తాగింది.