కౌజు పిట్టలకు కోరుట్ల పంజరం

కోరుట్లలో గేటు మాట వస్తే ఇక్బాల్ పేరు రాకుండా ఉండదు. ఇది ఆయన చెప్పుకునే మాటే గానీ, అబద్ధం మాత్రం కాదు. దుబాయ్ నుంచి, మస్కట్ నుంచి పైసలు పంపి ఇళ్లు కట్టించుకునేవాళ్లు గోడలకు సున్నం పడకముందే ఆయన దగ్గరికొచ్చి గేటు మాట్లాడుకునేవాళ్లు. మెట్‌పల్లి రోడ్డు మీద వెల్డింగ్ షాపు పెట్టి ఇరవై ఎనిమిదేళ్లయింది. ఇన్నేళ్లలో ఆయన చేసిన పని ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. మీసం తీసేసి గడ్డం మాత్రమే ఉంచుకున్నాడు గానీ, మీసమే ఉండుంటే దాని మీద నిమ్మకాయలు నిలబెట్టేవాడే.

అలాంటి మనిషికి సిరిసిల్ల నుంచి పిట్టల పంజరం పని వచ్చింది.

చేయించుకునేది కనకవ్వ. అరవై దాటిన మనిషి, సాంచెల షెడ్డు పక్కనే ఇల్లు. సిరిసిల్లలో పవర్‌లూమ్‌లను సాంచెలనే అంటారు. వాటికి నూలు కండెలు చుట్టి ఎవరి మీదా ఆధారపడకుండా బతుకుతోంది. ఆ మధ్య జగిత్యాలలో ఉన్న బిడ్డ ఊర్మిల ఇంటికి పోయి, వచ్చేటప్పుడు కూరకని ఎనిమిది కౌజు పిట్టలు తెచ్చుకుంది. తెచ్చింది గానీ కత్తి పట్టుకున్నాక చెయ్యి ఆడలేదు. పిడికెడంత పిట్ట, ఒంటి నిండా చుక్కలు, మెడ సాచి తననే చూస్తుంటే ఎలా కోస్తుంది? ఆ పూట పప్పు వండుకుంది. మర్నాటి నుంచి అవి కూర కాదు, కనకవ్వ పిట్టలు. అట్టపెట్టెలో పెట్టి సాకుతోందని విని, ఊర్మిల తన ఇంటికి గేటు చేసిన ఇక్బాల్‌కు ఫోన్ చేసింది.

మామూలుగా అయితే పంజరాలు చెయ్యడం ఆయనకు నామోషీ. కానీ సిరిసిల్లలో ఆయనకిది మొదటి పని. పైగా ఆ సాంచెల యజమాని మార్కండేయులు సేటు కొత్త షెడ్డు కడుతున్నాడు. పంజరం చూసి పనితనం నచ్చితే షెడ్డు గేట్లూ కిటికీల గ్రిల్సూ అన్నీ ఇక్బాల్‌కే ఇస్తానని కబురంపాడు. ఇంకేం కావాలి? ఇక్బాల్ పంతం పట్టి చేశాడు. నాలుగడుగుల ఎత్తు, వేలు మందం రాడ్లు, పైన ఇనుపరేకు కప్పు, కింద ఇనుప జాలి, తలుపుకు రెండు గొళ్లాలు, వాటికి తాళం. ఊరికే ఉండలేక పైన ఒక నెమలిని కూడా అతికించాడు. ట్రాలీ ఆటోలో వేసుకుని తానే స్వయంగా తీసుకుపోయాడు.

కనకవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"తమ్మీ, గిది పిట్టలకా, పులికా?"

"పులి అచ్చినా గింత గూడ కదలదక్కా," అన్నాడు ఇక్బాల్. ఆమె మెచ్చుకుంటోందనే అనుకున్నాడు పాపం.

నాలుగో రోజు పొద్దున ఫోన్ వచ్చింది. "ఇక్బాల్ తమ్మీ, నీ పంజరం నువ్వు తీస్కపో. రెండు పిట్టలు సచ్చినయ్."

"పిల్లి గిట్ల పట్టిందా అక్కా?"

"పిల్లి పట్టలే, కుక్క పట్టలే. నీ పంజరమే సంపింది." ఇంకో మాట లేకుండా ఫోన్ పెట్టేసింది.

ఇక్బాల్‌కు తల కొట్టేసినంత పనైంది. ఛాయ్ చల్లారిపోయింది గానీ ఆయన ముట్టలేదు. భార్య రషీదాబీ ఏమైందని అడిగితే చెప్పాడు.

"పిట్టలకేదో రోగం ఉండుంటది. ఫారం పిట్టలు, ఎప్పుడు ఎట్ల ఉంటయో ఎవరికెరుక? ఇనుము పిట్టను సంపుతదా?" అన్నాడు ఇక్బాల్.

"ఎట్ల సచ్చినయో చూసినవా?" అంది రషీదాబీ.

"చూడకున్నా తెలుసు నాకు."

"తెలిస్తే మరి ఛాయెందుకు తాగలే?"

ఆయన గ్లాసు పక్కకు జరిపి లేచాడు. ట్రాలీ ఆటో మాట్లాడి, ఎందుకైనా మంచిదని కటింగ్ మిషన్, వెల్డింగ్ సామాను కూడా అందులో పడేసి, వేములవాడ మీదుగా సిరిసిల్ల బయలుదేరాడు. పంజరం వెనక్కి తేవడానికి కాదు సుమా. తప్పు తనది కాదని కనకవ్వ నోటితోనే అనిపించి రావడానికి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

పోగానే గొళ్లాలు లాగి చూశాడు. అతుకులన్నీ తడిమాడు. ఒక్కటీ కదల్లేదు. వసారాలో అట్టపెట్టె ముందు కూర్చున్న కనకవ్వ ఒక పిట్టను చేతిలోకి తీసుకుని ఆయన ముందు పెట్టింది. దాని నెత్తి మీద చర్మం లేచిపోయి ఉంది. ఆ గాయానికి పసుపు అద్దింది.

"గిది మూడోది. బతుకుతదో లేదో."

"అక్కా, ఏదన్నా రోగమేమో..."

"రోగమైతే నెత్తి పగులుతదా? మంచిది, నీ కండ్లతోటే చూడు." ఆరింటినీ తీసి పంజరంలో వదిలింది. వదిలే ముందు తన పాత చీరను నాలుగు మడతలు పెట్టి రేకు కప్పుకు లోపలివైపు కట్టింది. "పదకొండింటికి కరెంటు పోతది. గప్పటిదాంక కూసో."

ఇక్బాల్ కూర్చున్నాడు. పక్క షెడ్డులో సాంచెల మోత చెవులు పగిలేలా ఉంది. పిట్టలు మాత్రం నిమ్మళంగా నూకలు ఏరుకుంటున్నాయి. వచ్చిన కొన్నాళ్లకే ఆ మోతకు అలవాటు పడ్డట్టున్నాయే అనుకున్నాడు. పదకొండు దాటి కాసేపటికి కరెంటు పోయింది. షెడ్డులోని సాంచెలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి పిట్టలన్నీ కాళ్ల కింద నిప్పు పడ్డట్టు నిలువునా పైకి లేచాయి. పక్కకు కాదు, అటూ ఇటూ కాదు, నేరుగా పైకి. నాలుగడుగులూ ఎగిరి చీర మడతల్లోంచి రేకును టపటపా గుద్దుకుని కింద జాలి మీద పడ్డాయి.

ఇక్బాల్ వంగి పంజరంలోకి చూశాడు. చీర అడ్డం ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ దెబ్బ ఎక్కడ తగిలేదో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"మోతకు అలవాటైనయ్ తమ్మీ. మోత ఆగితేనే బెదురుతయ్," అంది కనకవ్వ. "ఎగిరేటప్పుడు కొంచెం జాగ ఉంటె ఇంకింత జోరందుకుంటయ్. మీద నువ్వు రేకు పెట్టినవ్."

ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన చేసినవన్నీ బయటి నుంచి వచ్చేవాణ్ని ఆపడానికే. దొంగ రాకూడదు, పశువు రాకూడదు, కుక్క రాకూడదు. లోపల ఉన్నవాళ్లు భయపడితే ఏమవుతారన్నది ఒక్క గేటుకూ ఆయన ఆలోచించలేదు, ఆలోచించాల్సిన పనీ పడలేదు. చచ్చిన రెండు పిట్టలూ తన చేతిలో చచ్చినట్టే అనిపించింది. నిజానికి అంతే కదా.

"తీస్కపో తమ్మీ. నాకు అట్టపెట్టే నయం," అంది కనకవ్వ.

"తీస్కపోనక్కా." ఇక్బాల్ లేచి నిలబడ్డాడు. "నా పని వాపస్ పోదు. దీన్ని కోస్త, ఈడనే కోస్త. ఎట్ల ఉండాల్నో నువ్వు చెప్పు."

ఈ చివరి మాట ఆయన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలీదు. గేటుకు ఎన్ని రాడ్లుండాలో చెప్పబోయిన ఇంజనీర్లనే "మీరు నీడకు కూసోండ్రి సార్" అన్న మనిషి.

కనకవ్వ చెప్పడం మొదలుపెట్టింది. చెప్పడమంటే మామూలుగానా? కడిగిపారేసింది. కౌజు పిట్ట కొమ్మెక్కి కూర్చునే పిట్ట కాదు, నేల మీద ఉరికే పిట్ట, దానికి ఎత్తెందుకు, వెడల్పు కావాలి గానీ. కప్పు జానెడున్నర ఎత్తులో ఉంటే చాలు, జోరందుకునే సందే ఉండదు. కింద జాలి కాళ్లు కోస్తోంది, చెక్క వేసి ఊక పొయ్యాలి. ఒక మూల ఇసుక పెట్టాలి, అవి అందులో పొర్లాడి ఒళ్లు దులుపుకుంటాయి. ఇంత లావు రాడ్లు పెట్టి వాటి మధ్యన రెండు వేళ్ల సందు వదిలితే పాము రాదా, ఎలుక రాదా? "పులి రాదన్నవ్. పులి సిరిసిల్లల యాడున్నది? ఎలుకలున్నయ్."

ఇక్బాల్ ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. కరెంటు రాగానే మొదలైన మిషన్ మధ్యాహ్నందాకా నిప్పులు కక్కుతూనే ఉంది. నాలుగడుగుల పంజరం అడుగున్నరకు దిగింది, రేకు కప్పూ నెమలీ పోయాయి. అడుగున్నర చొప్పున కోసిన రెండు ముక్కలను పక్కపక్కన అతికితే వెడల్పు రెండింతలైంది. బజారుకు పోయి చిటికెన వేలు కూడా దూరని సన్న జాలి తెచ్చి చుట్టూ బిగించాడు. లోపల చెక్క పరిచి, దాని మీద ఊక పోసి, ఒక మూల ఇసుక పెట్టాడు.

కప్పు దగ్గరే ఇద్దరికీ గొడవ వచ్చింది. బట్ట కట్టాలని కనకవ్వ. బట్ట కడితే పిల్లి ఒక్క గోరుతో చింపేస్తుందని ఇక్బాల్. పిట్టకు మెత్తగా ఉండాలంటుంది ఆమె, పిల్లికి గట్టిగా ఉండాలంటాడు ఈయన. ఇద్దరి మాటా నిజమే కాబట్టి ఇద్దరూ తగ్గలేదు. చివరికి ఇక్బాలే గడ్డం గోక్కుంటూ, "రెండూ పెడదాం. మీద నా జాలి, కింద నీ బట్ట," అన్నాడు.

కనకవ్వ షెడ్డులోకి పోయి గట్టి నూలుబట్ట ముక్క తెచ్చింది. ఇక్బాల్ దాన్ని నాలుగు మూలలా లాగి బిగించబోతే ఆమె ఆయన చేతి మీద ఒక్కటి వేసింది. "గంత గట్టిగ గుంజుతరా? బట్ట గూడ రేకయితది గట్లయితే. కొంచెం వదులుండాలె." అరచేయి కింద పెట్టి, బట్ట ఎంత లొంగుతుందో చూసుకుంటూ ఒక్కో మూలా తానే ముడేసింది. జాలికీ బట్టకూ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ వదిలింది. ఇనుము కొలతలు కంటితోనే చెప్పగల ఇక్బాల్, ఆ వదులు ఎంతో తనకు తెలియదని మొదటిసారి ఒప్పుకుని ఊరుకున్నాడు.

సాయంత్రం నాలుగున్నరకు మార్కండేయులు సేటు వచ్చాడు. పంజరం వార్త ఆయనదాకా పోయింది. చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ చూస్తుండగానే, ఇక్బాల్ అడిగాడు.

"సేటూ, ఒక్క నిమిషం సాంచెలు బంద్ పెట్టిస్తరా?"

సేటు నవ్వి, షెడ్డులోకి కేక వేసి మెయిన్ ఆపించాడు. మోత తెగిపోయింది. ఆరు పిట్టలూ నిలువునా లేచాయి. బట్ట కొంచెం పైకి లొంగి వాటిని మళ్లీ ఊక మీదికి దించింది. ఒకటి తల విదిలించుకుంది. పసుపు పెట్టిన పిట్ట ఇసుక మూలకు పోయి పొర్లడం మొదలుపెట్టింది. మిగిలినవి నూకల మీద పడ్డాయి, అసలేమీ జరగనట్టే.

ఇక్బాల్ ఎన్నో గేట్లు నిలబెట్టాడు గానీ ఇంత సంతోషం దేనికీ కలగలేదు. ఛాతీ పొంగిపోయింది, దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

"మస్తు చేసినవ్ ఇక్బాల్," అన్నాడు సేటు. "ముందుగాలది గూడ గట్టి పనే అన్నరు. ఆ రెండు పిట్టలకు ఏదో రోగం ఉండుంటది. ఫారం పిట్టలాయె. అడిగినోళ్లకు నేను గట్లనే చెప్త, నీ పేరు ఖరాబ్ కాదు."

ఆ మాట పొద్దున తాను రషీదాబీతో అన్నదే. ఇప్పుడు సేటే పిలిచి చేతిలో పెడుతున్నాడు. ఊఁ అంటే చాలు, సిరిసిల్లలో పేరు నిలుస్తుంది, షెడ్డు గేట్లూ దక్కుతాయి. కనకవ్వ ఆయన మొహమే చూస్తోంది.

"లేదు సేటూ," అన్నాడు ఇక్బాల్. "పిట్టలకు ఏ రోగం లేదు. నేను తప్పు చేసిన. ఎవరన్నా అడిగితే రెండూ చెప్పుండ్రి. రెండు పిట్టలు సచ్చింది నా పంజరంలనే, ఆరు బతుకుతున్నది నా పంజరంలనే."

సేటు ఇక్బాల్ వైపూ, పంజరం వైపూ చూశాడు. తలూపాడు. గేట్ల మాట ఎత్తలేదు, ఇక్బాల్ అడగనూ లేదు.

కనకవ్వే కొంగు బిగించుకుని ముందుకొచ్చింది.

"గంతేనా? నా బట్ట సంగతెవరు చెప్తరు? గది గూడ చెప్పు తమ్మీ, సేటు ముంగటనే చెప్పు."

ఇక్బాల్ మొదటి నుంచి మళ్లీ చెప్పాడు, ఈసారి బట్టతో సహా.